సమాధుల ఊళ్లో సర్వపిండి

బెజవాడలో నవజీవన్ ఎక్కాను. ఆ తర్వాత గుర్తున్నదల్లా పై బెర్తు ఆయన గురకే. దిగేసరికి సూరత్.

అందరూ వజ్రాలు, చీరలు చూడటానికి వస్తారు. నేను గోరీలు చూడటానికి వచ్చాను. బందరులో డచ్చివాళ్ల గోరీల మధ్య ఆడుకున్న వాణ్ణి మరి. ఇంగ్లీషువాళ్లు 1611లోనే మా ఊళ్లో కొఠీ పెట్టారు. జహంగీరు ఫర్మానాతో సూరత్‌లో కాలూనింది 1613లో. ఆ రెండేళ్ల గర్వం కతార్గాం దర్వాజా దగ్గర దిగిపోయింది. అక్కడ ఉన్నవి గోరీలు కావు, మేడలు! దూరం నుంచి ఏ నవాబుదో దర్గా అనుకుంటాం, దగ్గరికెళితే రాతి మీద లాటిన్. 1664లో శివాజీ ఊరిని దోచినప్పుడు కొఠీని కాచుకున్న జార్జ్ ఆక్సెండెన్ 1669లో పోయాడు. పదేళ్ల ముందే పోయిన సోదరుడు క్రిస్టఫర్ పక్కనే ఆయన్నీ ఉంచి, గుమ్మటాలు లేపారు.

వీటిని తలదన్నాలనే డచ్చివాళ్లు వాన్ రీడ్‌కు రెండంతస్తుల మండపం కట్టారంటారు. నాకు నచ్చింది ఈయనే. మలబారును ఏలుతూ, ఇట్టి అచ్యుతన్ లాంటి నాటువైద్యుల్ని కూర్చోబెట్టుకుని, అక్కడి మొక్కల మీద పన్నెండు సంపుటాల ‘హోర్తుస్ మలబారికస్’ తెచ్చినవాడు. కొచ్చిన్ నుంచి ఇటు వస్తూ 1691లో ఓడలోనే పోయాడు. ఇప్పుడాయన గుమ్మటం పగుళ్లలో రావి మొలకలు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

కోట, తాపీనది అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. లోచో తిన్నాను, పాడైన ఖమన్‌కి పేరు పెట్టి అమ్ముతున్నారనిపించింది, అయినా రెండో ప్లేటు అడిగాను.

సాయంత్రం లింబాయత్. మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు బోర్డులు. ఓ గడప ముందు ఆగితే ముసలామె పలకరించింది.

“ఏ ఊరు బిడ్డా?”

“బందరమ్మా.”

“గదేడుంటది?”

సిరిసిల్ల నుంచి మగని వెంట వచ్చిన పద్మశాలీ ఆమె. నలభై ఏళ్లయిందట. మనవలు గుజరాతీలో పోట్లాడుకుంటుంటే తెలుగులో కసురుతోంది. పొయ్యి మీది సర్వపిండి తుంచి చేతిలో పెట్టింది. మొక్కల దొర కూడా కాసేపు మరుపుకొచ్చాడు. బదులుగా సంచీలోంచి బందరు లడ్డూ తీసిచ్చాను. కొరికి, కాసేపు చప్పరించి అంది:

“బాగుంది గని, మా సూరత్ ఘారీల ఇంతకు రెండింతల నెయ్యుంటది.”