మైనస్ 18లో రీగా

మా మేనల్లుడు రీగాలో మెడిసిన్ చదువుతున్నాడు. లాట్వియా రాజధాని అది, దౌగవ నది ఒడ్డున ఉంటుంది. జనవరిలో వాణ్ణి చూడ్డానికి వెళ్తున్నానంటే బరంపురంలో మావాళ్ళందరిదీ ఒకటే మాట, "ఎండాకాలంలో వెళ్ళకూడదా?" అని. ఎండాకాలంలో చెట్ల ఆకులు సగం భవనాల్ని కప్పేస్తాయి. చలికాలంలో ఆ అడ్డు ఉండదు. పైగా అక్కడి సూర్యుడు పైకెక్కడు. మిట్టమధ్యాహ్నం కూడా మనకి సాయంత్రం పడే ఏటవాలు వెలుగే. నా కెమెరాకి అదే కావాలి.

కాకపోతే ఆ వెలుగు ఏడెనిమిది గంటలకి మించి దొరకదు. నేనున్న వారం పొద్దున్న పూట మైనస్ 18 ఉంది. మనిషి కంటే ముందు బ్యాటరీ చతికిలపడుతుంది. ఫుల్ ఛార్జింగుతో తీసుకెళ్ళింది అరగంటలో ఖాళీ అని చూపించింది. చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుంటే మళ్ళీ లేచింది! అందుకని ఒకటి కెమెరాలో, ఒకటి ఒంటి వేడిలో, మార్చుకుంటూ తిరిగాను. ఇంట్లోకి వచ్చే ముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టాలి, గంటో రెండు గంటలో విప్పకూడదు. లేకపోతే గదిలో తేమంతా లెన్సు మీదే చేరుతుంది.

టౌన్‌హాల్ స్క్వేర్‌లో బ్లాక్‌హెడ్స్ హౌస్ అని ఒక ఎర్ర ఇటుకల భవనం ఉంది. పెళ్ళికాని జర్మన్ వర్తకుల సంఘానిది. 1334 నాటి రికార్డుల్లోనే దాని ప్రస్తావన ఉంది. 1941 జూన్‌లో యుద్ధంలో కాలి కూలిపోయింది. మిగిలిన గోడల్ని 1948లో సోవియట్ ప్రభుత్వం తీసేసింది. ఇప్పుడు మనం చూసేది 1995-99 మధ్య మళ్ళీ కట్టింది. పాత ఫొటోలు, డ్రాయింగులు మిగిలి ఉండబట్టే కట్టగలిగారు.

"అయితే ఇది డూప్లికేటా మావయ్యా?" అన్నాడు మావాడు.

నేలమాళిగలు పాతవేరా, అన్నాను. వాడికి తృప్తి కలగలేదు. నాకు మాత్రం ఆ ఇటుకలకంటే, కూలకముందు దాన్ని ఓపిగ్గా ఫొటో తీసిన ఆ పేరు తెలియని వాళ్ళ మీదే ధ్యాస పోయింది.

ఎందుకంటే మా తాతగారి ఇల్లు ఇప్పుడు లేదు. పంపకాలయ్యాక పడగొట్టారు, అక్కడ అపార్ట్‌మెంటు లేచింది. ఆల్బమ్‌లన్నీ ముందేసుకుని వెతికాం. పెద్దత్త పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు భుజం వెనక ఒక స్తంభం ఉంది. అమ్మ సీమంతం ఫొటోలో అరుగు అంచు ఉంది. నా అక్షరాభ్యాసంలో కిటికీ చువ్వలు మూడు. ఇంటి ముఖం మొత్తంగా ఒక్కదాంట్లోనూ లేదు. రీలు ఖరీదు, మనుషుల్ని తీసుకునేవారు. ఇల్లెక్కడికి పోతుంది!

ఆ అరుగు మీద కూర్చునే తాతగారు 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాకి మారిపోయారు. కాలు కదపలేదు. రీగా వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. జర్మన్ బిషప్పులు, పోలండ్, స్వీడన్, రష్యా, 1918లో స్వాతంత్ర్యం, తర్వాత సోవియట్లు, నాజీలు, మళ్ళీ సోవియట్లు, 1991లో మళ్ళీ స్వాతంత్ర్యం. ఊరు ఉన్నచోటే ఉంది, పైన జెండాలు మారాయి.

అందుకే ఆ వారమంతా నేను తీసినవి అందమైన ఫొటోలు కావు. ప్రతి భవనానికీ ఎదురుగా నిలబడి, నిటారుగా, అడుగు నుంచి కప్పు దాకా తీశాను. త్రీ బ్రదర్స్ అనే మూడు ఇళ్ళ దగ్గరే తిప్పలు. పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి, వాటిలో పెద్దన్న 15వ శతాబ్దం చివరిది. వీధి ఇరుకు. వెనక్కి వెళ్దామంటే వీపుకి గోడ తగిలింది. ముక్కలు ముక్కలుగా తీయాల్సి వచ్చింది.

మావాడు తనని కూడా తీయమని గోల. సరే, ఆ తలుపు పక్కన నిటారుగా నిలబడరా, చెయ్యి గోడకి ఆనించు, అన్నాను.

"స్టైలా?"

"కాదు. నీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. నిన్ను పట్టి తలుపెంతో లెక్క తేలుతుంది."

"తొందరగా కానియ్ మావయ్యా, చెయ్యి కొయ్యబారిపోతోంది."