ఫీతీ భుజం మీద, తన్ఖా కాగితం మీద

మన ఇళ్లలో ఫౌజీల మాట వస్తే ఓహ్దా గురించే అడుగుతాం. "హవల్దార్ అయిండా? సుబేదార్ అయిండా?" అని. తన్ఖా ఎంత అని అడగడం బద్‌తమీజీ అనుకుంటాం. ఓహ్దా పెరిగితే తన్ఖా దానంతటదే పెరుగుతుందిలే అని ఊరుకుంటాం. అలా పెరగని సందర్భాలు చాలా ఉన్నాయి. అవి ఆ ఫౌజీ బతికున్నంత కాలం పెద్దగా బయటపడవు. ఆయన పోయాక బీవీ చేతికి పింఛను కాగితం వచ్చినప్పుడు బయటపడతాయి.

నేను ముప్పై ఏళ్లు ట్రెజరీలో కలం నూరిన మనిషిని. సూర్యాపేటలోనే ఉంటాను. రిటైరైనా కోదాడ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకొని వస్తూనే ఉంటారు. ఈ మధ్య ఒకే వారంలో ముగ్గురు ఫౌజీ ఖాందాన్ల వాళ్లు వచ్చారు. ముగ్గురి సవాల్ ఒకటే: "భుజం మీద ఉన్న ఓహ్దాకు పైసలు రావా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా నానా సంగతి చెప్పాలి. నానాది కోదాడ. రెండో ప్రపంచ యుద్ధంలో అంగ్రేజోళ్ల ఫౌజ్‌లో చేరి, యుద్ధం అయిపోయాక 1946లో ఇంటికొచ్చాడు. నానీ సందూక్‌లో ఆయన ఫొటో ఒకటుండేది. చొక్కా చెయ్యి మీద ఒక్క ఫీతీ, అంటే లాన్స్ నాయక్. ఆ ఫొటో కింద ఆయన పే బుక్. అందులో ఓహ్దా పక్కన అంగ్రేజీలో రాసిన మాట అర్థం "తన్ఖా లేని" అని. అన్‌పెయిడ్ లాన్స్ నాయక్. మా అమ్మీ చిన్నప్పుడు స్కూల్లో అంగ్రేజీ నేర్చుకొని ఆ మాట చదివి చెప్పేదాకా నానీకి ఆ ముచ్చట తెలియదు. తెలిశాక ఆమె నానాను అడిగిన మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం: "ఫీతీ దియే కతే, పైసే కైకు నై దియే?"

నానా నవ్వి ఊరుకున్నాడట. ఆ సవాల్‌కు జవాబు నాకు దఫ్తర్‌లో దొరికింది. సర్కారు తన్ఖా ఇచ్చేది మనిషికి కాదు, కుర్సీకి. ఒక పల్టన్‌లో ఎందరు నాయక్‌లు, ఎందరు హవల్దార్లు ఉండాలో పైనుంచి మంజూరీ ఉంటుంది. ఆ కుర్సీ నిజంగా ఖాళీ అయితే, దాంట్లో కూర్చున్నవాడికి ఆ తన్ఖా ఇవ్వొచ్చు. అదే పెయిడ్ యాక్టింగ్. కుర్సీ అసలుదారు ఛుట్టీలోనో హాస్పిటల్‌లోనో ఉండి తన్ఖా తీసుకుంటుంటే, అతని జాగాలో నిలబడ్డవాడికి హుకుం ఇచ్చే హఖ్ వస్తుంది, తన్ఖా రాదు. అదే అన్‌పెయిడ్. ఒక జాగాలో, ఒక పని మీద ఉన్నంతవరకే చెల్లే ఓహ్దాను లోకల్ ర్యాంక్ అనేవారు. దానికీ పైసలుండవు. వీటన్నిటికీ కింద ఆ మనిషి అసలు ఓహ్దా, సబ్‌స్టాంటివ్ ర్యాంక్, చెక్కు చెదరకుండా ఉంటుంది. పైది పోతే మనిషి తిరిగి వచ్చేది దాని మీదికే. అప్పుడు తన్ఖా కూడా వెనక్కొస్తుంది. అది సజా కాదు, హిసాబ్.

ఈ తరీఖా అంగ్రేజోళ్లు తెచ్చిందేమీ కాదు. మొఘలుల మన్సబ్‌లోనే ఇది ఉంది. మన్సబ్‌దార్‌కు రెండు అంకెలుండేవి. జాత్ అనేది అతని సొంత దర్జా, సొంత తన్ఖా. సవార్ అనేది అతను పోషించాల్సిన గుర్రపు రౌతుల లెక్క. ఒక అమీర్‌ను ఏదైనా ఇలాఖాకు ఫౌజ్‌దార్‌గా పంపితే అక్కడ ఎక్కువ మంది రౌతులు కావాలి. అందుకని ఆ నౌకరీలో ఉన్నంత కాలానికి సవార్ అంకె పెంచేవారు. ఆ పెంపును మష్రూత్ అనేవారు, అంటే షర్తుతో కూడినది. అక్కడి నుంచి తబాదలా అయితే మష్రూత్ పోతుంది, బిలా షర్త్ ఇచ్చిన మన్సబ్ మిగులుతుంది. ఔరంగజేబు 1687లో గోల్కొండ తీసుకున్నాక మన దక్కన్‌లోనూ ఈ లెక్కే నడిచింది. నాయబ్ అన్నా, ఖాయం మఖామ్ అన్నా ఒకరి జాగాలో నిలబడ్డవాడనే అర్థం. తుర్కీ ఫౌజ్‌లో లెఫ్టినెంట్ కల్నల్‌ను ఖాయం మఖామ్ అనే పిలిచేవారు. మన ఫౌజ్‌లో 1965 దాకా జమాదార్ అన్న ఓహ్దా పేరు ఆ తర్వాత నాయబ్ సుబేదార్ అయింది.

అమెరికా ఫౌజ్‌లో కూడా ప్రమోషన్ తారీఖు రాకముందే కొత్త ఓహ్దా బిళ్లలు పెట్టుకోనిస్తారు. తన్ఖా మాత్రం పాతదే. అంటే మా నానా ఫీతీకి ఖాందాన్ చాలా పెద్దదే.

ఇక మిర్యాలగూడ మామూ సంగతి. మామూ 1975లో ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. తాలీమ్ సికింద్రాబాద్‌లోనే. ఇరవై నాలుగేళ్లు నౌకరీ చేసి 1999లో హవల్దార్‌గా ఇంటికొచ్చాడు. వచ్చాక ఆయనకు ఆనరరీ నాయబ్ సుబేదార్ ఓహ్దా ఇస్తున్నట్టు చిట్ఠీ వచ్చింది. ఆ రోజు మామీ దేగ్ ఎక్కించి మొహల్లా అంతా బిర్యానీ పంచింది. రైస్ మిల్లు సేట్లు కూడా "సుబేదార్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టారు. పింఛను మాత్రం హవల్దార్ లెక్కనే వచ్చింది. ఆనరరీకి కలిపే మొత్తం చాలా చిన్నది. మామూ ఫికర్ చేయలేదు. ఇజ్జత్ ఇజ్జతే, పైసా పైసే అనేవాడు.

ఆయన మాట మారింది ఒక షాదీలో. 2007లో రిటైరైన ఇంకో ఫౌజీ కలిశాడు. అంతే సర్వీసు, అదే హవల్దార్, అదే ఆనరరీ నాయబ్ సుబేదార్. అతనికి పింఛను నాయబ్ సుబేదార్ లెక్కన కట్టారు. 2009 జూన్‌లో వచ్చిన హుకుం ప్రకారం, 2006 జనవరి 1 నుంచి రిటైరైనవాళ్లకు ఈ ఆనరరీని పింఛను హిసాబ్ కోసం నిజమైన ప్రమోషన్‌గా లెక్కకట్టాలి. అంతకు ముందు రిటైరైనవాళ్లకు ఆ హుకుంలో జాగా లేదు. మామూ ఇంటికొచ్చి నాతో అన్నాడు: "బేటా, వాడి భుజం మీద అదే సితార, నా భుజం మీద అదే సితార. వాడి సితారకు పైసలు, నా సితారకు సలాములు. ఇద్దరికీ సలాములే అయితే నాకు షికాయత్ లేకుండె."

నాకు ఇందులో అసలు విషయం కనిపించింది. మామూకు పైసలు తక్కువని గమ్ లేదు. ఒకే ఓహ్దాకు తారీఖు చూసి రెండు ధరలు కట్టడమే గమ్. చాలామంది రిటైరైన ఫౌజీలకు ఇదే అనిపించింది. చండీగఢ్‌లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వాళ్ల వైపు ఫైసలా ఇచ్చింది. సర్కారు పైకి వెళ్లింది. 2015లో సుప్రీంకోర్టు కూడా 2006కు ముందు రిటైరైన ఆనరరీ నాయబ్ సుబేదార్లకు ఆ హఖ్ ఉందని తేల్చింది. తేలినా మామూ చేతికి కొత్త పీపీఓ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. పెన్షన్ వచ్చే బ్యాంకుకు ఎన్నిసార్లు పోయినా పైనుంచి కాగితం రాలేదనేవారు. నేను అర్జీలు రాసేవాణ్ని, ఆయన రిజిస్టర్ పోస్టు రసీదులు దాచేవాడు. వచ్చిన బకాయిలతో ఇంటికి స్లాబు వేయించాడు. "ఇది ఏ పైసలది మామూ?" అని పిల్లలడిగితే, "సితార కింద కూర్చున్నాం బేటా" అంటాడు.

నానాది ఓహ్దా ఉండి తన్ఖా లేని కథ. మా భాంజాది ఉల్టా. వాడు సూర్యాపేట నుంచి 2007లో ఫౌజ్‌లో చేరాడు. భుజం మీద నాయక్. పే స్లిప్‌లో హవల్దార్ లెవెల్. దీన్ని ఎంఏసీపీ అంటారు. పైన కుర్సీ ఖాళీ లేక ప్రమోషన్ ఆగిపోతే 8, 16, 24 ఏళ్ల దగ్గర పై ఓహ్దా తన్ఖా ఇస్తారు, ఓహ్దా ఇవ్వరు. 2016 నుంచి ఉన్న లెక్కలో సిపాయి బేసిక్ 21,700 దగ్గర, నాయక్‌ది 25,500 దగ్గర, హవల్దార్‌ది 29,200 దగ్గర, నాయబ్ సుబేదార్‌ది 35,400 దగ్గర మొదలవుతాయి. వాడి అమ్మీ, అంటే మా అక్క, మొహల్లాలో మాత్రం నాయక్ అని చెప్పుకోవడానికి షర్మిందా అవుతుంది. "హవల్దార్ తన్ఖా తీసుకునేవాణ్ని హవల్దార్ అనొద్దా?" అంటుంది. అనొద్దు ఆపా. నానాను లాన్స్ నాయక్ అన్నాం, ఆ తన్ఖా ఒక్క అణా రాలేదు. రెండూ వేర్వేరు చీజ్‌లు.

అఫ్సర్లలో కూడా పాత రోజుల్లో యాక్టింగ్ మేజర్లు, యాక్టింగ్ లెఫ్టినెంట్ కల్నల్‌లు చాలామంది ఉండేవారు. 2004 డిసెంబర్‌లో ఏవీ సింగ్ కమిటీ సిఫారసులు అమలయ్యాక కెప్టెన్ 2 ఏళ్లకు, మేజర్ 6 ఏళ్లకు, లెఫ్టినెంట్ కల్నల్ 13 ఏళ్లకు పక్కాగా రావడం మొదలైంది.

సివిల్ నౌకరీల్లో ఉన్నవాళ్లు ఇది మనది కాదనుకోకండి. మా ఖాలా ఒక ఉర్దూ మీడియం స్కూల్లో నాలుగేళ్లు ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్. సంతకాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మీటింగులు అన్నీ ఆమెవే. తన్ఖా టీచర్‌దే. మన సర్కారు ఫండమెంటల్ రూల్ 49లో పూర్తి అదనపు బాధ్యతకు మొదటి 3 నెలలు జీతంలో ఐదో వంతు, తర్వాత 3 నెలలు పదో వంతు ఉంది. 6 నెలలు దాటితే ఏమీ లేదు. పని మాత్రం ఆరు నెలలకు ఆగదు. ఆమెకు ఆ ఆర్నెల్లదీ రాలేదు, ఎందుకంటే ఆర్డర్‌లో "పూర్తి అదనపు బాధ్యత" అనే మాట లేదు. "ఎక్స్‌ట్రా పైసలు అడగను" అని ముందే రాయించుకునే దఫ్తర్లు కూడా ఉంటాయి. చండీగఢ్ ఇంజినీరింగ్ శాఖలో పై కుర్సీలో పనిచేసిన ఒక జూనియర్ ఇంజినీర్ కేసులో, అలాంటి రాత చెల్లదని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. పై ఓహ్దాలో పని చేయించుకొని, తన్ఖా అడగనని రాయించుకోవడం కానూన్‌కు ఖిలాఫ్ అని దాని అర్థం.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెబుతున్నానో సూర్యాపేట వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన ఊరి బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో షహీద్ అయ్యాడు. 16 బిహార్ పల్టన్ కమాండింగ్ అఫ్సర్. తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. మన ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. నేను దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒకటే ఖయాల్ వస్తుంది. కమాండర్ పడిపోయిన ఆ క్షణాన పల్టన్ ఆగదు. తర్వాతివాడు ముందుకొచ్చి హుకుం ఇస్తాడు. అతను ఆ చీకట్లో ఇది పెయిడా, అన్‌పెయిడా అని అడగడు. యాక్టింగ్ ఓహ్దా పుట్టిందే అందుకు, కుర్సీ ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండొద్దని. ఆ నిమిషాన అడగనివాడి తరఫున తర్వాత అడగాల్సింది మనం.

ఎందుకంటే పింఛను హిసాబ్ అంతా ఆఖరి తన్ఖా మీదే నిలబడుతుంది. మామూలు రిటైర్మెంట్ పింఛను ఆఖరి తన్ఖాలో సగం. మామూలు ఫ్యామిలీ పింఛను 30 శాతం. జంగ్‌లో పోయినవాళ్ల ఖాందాన్‌కు ఇచ్చే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పింఛను ఆఖరి తన్ఖాకు సమానం. పాత రోజుల్లో ఆఖరి ఓహ్దా పది నెలలు నిండితేనే లెక్కలోకి వచ్చేది. తన్ఖాతో కూడిన యాక్టింగ్ అయితే ఆ తన్ఖా హిసాబ్‌లో ఉంటుంది. ఖాళీ ఫీతీ అయితే ఉండదు. భుజం మీద ఏముందో ఫొటో చెబుతుంది. బీవీ బచ్చాలకు ఏమొస్తుందో కాగితమే చెబుతుంది.

కాబట్టి కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ అమ్మీలకు, ఆపాలకు, భాభీలకు నా మాట ఒకటే. బిడ్డ ఫోన్ చేసి "ప్రమోషన్ వచ్చింది" అంటే మిఠాయి పంచండి. పంచాక మళ్లీ ఫోన్ చేసి మూడు సవాళ్లు అడగండి. ఇది పక్కాదా, యాక్టింగ్‌దా? యాక్టింగ్ అయితే తన్ఖాతోనా, తన్ఖా లేకుండానా? ఏ తారీఖు నుంచి, పార్ట్ టూ ఆర్డర్ అయిందా? ఆ ఆర్డర్ నంబరు, తారీఖు ఇంట్లో ఒక కాగితం మీద రాసుకోండి. పే స్లిప్ నెలకొకటి పంపమనండి. ఇది లాలచ్ కాదు. మా నానీ అడిగిన సవాలే ఇది. ఆమె యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకు అడిగింది. మీరు ఫీతీ కుట్టిన నెలలోనే అడగండి.