వెర్రికీ ఓ ఊరుండాలి

ఎవరి వెర్రి వారికానందం అన్నారు పెద్దలు. ఆ ఆనందం పక్కింటివాళ్లకి ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. మావారినే చూడండి. ఊరికి బయల్దేరితే తాళం మూడుసార్లు లాగి చూస్తారు. వీధి మలుపు దాకా వెళ్లి, నాలుగోసారి లాగడానికి వెనక్కొస్తారు. నాకేమో వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లిస్తేగాని కలం కదలదు. ఇవి చిన్న వెర్రులు కాబట్టి ‘అలవాటు’ అన్న మర్యాదైన పేరుతో చెలామణీ అయిపోతున్నాయి. చిక్కంతా కాస్త మోతాదు మించిన వాళ్లతోనే.

అలాంటివాళ్ల కథలంటే నాకు మహా సరదా. అందులో నార్టన్ చక్రవర్తిగారిది మరీను. జాషువా నార్టన్ 1849లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన వ్యాపారి. 1852లో చైనా నుంచి బియ్యం రావడం ఆగిపోయి ధర ఆకాశానికంటింది. ఈయన పెరూ నుంచి వచ్చిన ఓడెడు బియ్యాన్ని 25,000 డాలర్లకి బేరం చేసుకున్నాడు. తీరా చూస్తే వెనకాలే మరికొన్ని బియ్యం ఓడలు దిగాయి! ధర పడిపోయింది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి మనిషి దివాలా తీశాడు. చివరికి 1859 సెప్టెంబరు 17న ఒక పత్రికకి ప్రకటన ఇచ్చాడు, నేటినుంచి తాను అమెరికా దేశానికి చక్రవర్తినని.

తమాషా ఆయన వెర్రిలో లేదు, ఆ ఊరి తీరులో ఉంది. పత్రికవారు ఆ ప్రకటన శుభ్రంగా అచ్చేశారు. భుజకీర్తుల కోటు తొడుక్కుని, ఈక గుచ్చిన టోపీ పెట్టుకుని ఆయన వీధుల్లో పరిపాలన సాగిస్తుంటే జనం దారి ఇచ్చారు. ఆయన పేరుతో అచ్చయిన నోట్లని కొందరు తీసుకున్నారు కూడా. 1867లో ఓ పోలీసు ఆయన్ని పిచ్చివాడని పట్టుకుంటే పత్రికలు మండిపడ్డాయి, పై అధికారి వెంటనే వదిలిపెట్టాడు. 1872లో అఖాతం మీద వంతెన కట్టమని చక్రవర్తిగారు ఆజ్ఞాపించారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదుగాని, 1936లో అక్కడ నిజంగానే వంతెన తెరిచారు! 1880 జనవరిలో ఆయన నడివీధిలో కుప్పకూలి పోయినప్పుడు, చిల్లిగవ్వ లేని ఆ ప్రభువు అంత్యక్రియలకి వేలమంది వచ్చారు.

మా చిన్నమ్మమ్మకీ అలాంటి ఊరే దొరికింది. వాళ్ల నాన్నగారికి ప్రాణం మీదికొచ్చిందని కబురొస్తే, నాలుగు నిమిషాల తేడాలో రైలు తప్పిపోయిందట. తరువాతి రైల్లో వెళ్లేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చిన రోజే ఆవిడ గోడగడియారాన్ని నలభై నిమిషాలు ముందుకి తిప్పింది. ఇక జన్మంతా అదే టైము! పాలవాడు “అమ్మగారి టైమాండీ, రైలు టైమాండీ?” అని అడిగి మరీ వచ్చేవాడు. పురోహితుడుగారు ముహూర్తం చెప్పి, “మీ గడియారానికైతే మరో నలభై కలుపుకో తల్లీ” అనేవారు. ఎవరూ ఆవిడకి బుద్ధి చెప్పలేదు. ఆవిడ పోయాక పదమూడో రోజున మావయ్య గడియారం సరిచేద్దామని స్టూలెక్కి, చెయ్యి రాక దిగిపోయాడు.

అందరికీ ఇలాంటి ఇరుగుపొరుగు దొరకదు. న్యూయార్కులో హార్లెం పేటలో హోమర్, లాంగ్లీ కాలియర్ అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. 1933లో హోమర్‌కి చూపు పోయింది. వారానికి వంద నారింజపళ్లు తినిపిస్తే చూపు వస్తుందని తమ్ముడి నమ్మకం. వచ్చాక అన్న చదువుకుంటాడని పేపర్లన్నీ దాచేవాడు. పిల్లలు కిటికీలమీద రాళ్లు రువ్వితే చెక్కలు కొట్టి మూసేశాడు. దొంగల భయంతో పేపర్ల గుట్టల మధ్య ఉచ్చులు పన్నాడు. 1947 మార్చి 21న పోలీసులు లోపలికి దిగేసరికి, తిండి పెట్టే దిక్కులేక హోమర్ చనిపోయి ఉన్నాడు. ఏప్రిల్ 8న, అక్కడికి పదడుగుల దూరంలోనే, తన ఉచ్చులో తానే పడి గుట్ట కింద నలిగిపోయిన లాంగ్లీ కనిపించాడు. ఆ ఇంట్లోంచి తీసిన సామాను వంద టన్నుల పైమాటే. పియానోలే పద్నాలుగు!

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అపార్టుమెంటులో మూడో అంతస్తు మాస్టారి విషయం ఈమధ్య మీటింగుకి వచ్చింది. భార్య పోయాక ఆయన పాత పేపర్లు పోగేస్తున్నారు. ఇల్లు నిండి మెట్లమీదికొచ్చాయి. నోటీసు ఇవ్వాలన్నారు కమిటీవారు. వాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు, నిప్పురవ్వ పడితే అందరికీ ప్రమాదమే. కాని ఇంతమంది మాట్లాడారు కదా, ఆయన గుమ్మం లోపల అడుగుపెట్టిన వాళ్లెవరండీ అంటే ఎవరూ పలకలేదు.

మర్నాడు పులిహోర గిన్నె పట్టుకుని వెళ్లాను. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఆఖర్న ఆయనే చెప్పారు. “గళ్లనుడికట్టు మీ పిన్నిగారే పూర్తిచేసేదమ్మా. అది ఖాళీగా ఉన్న పేపరు పారేయడానికి చేతులు రావడం లేదు.”

ఇప్పుడు ప్రతి ఆదివారం నేనూ, కింది ఫ్లాటు అమ్మాయీ కత్తెరలు పట్టుకుని వెళుతున్నాం. గళ్లున్న ముక్క ఆయనకి, మిగతా కట్ట పాత పేపర్లవాడికి. మెట్లు సగం ఖాళీ అయ్యాయి. మిగతా సగం ఎప్పటికవుతుందని నిన్న సెక్రటరీగారు అడిగారు. మా చిన్నమ్మమ్మ గడియారం లెక్కన చెబితే ఆయనకేం అర్థమవుతుంది? “అవుతుంది లెండి” అన్నాను.