వినేవాళ్లుంటే...

‘ఫిలాసఫీ చదివి ఏం చేస్తావమ్మా?’

ఆ సబ్జెక్టు పేరెత్తిన ఏ అమ్మాయికైనా తప్పని ప్రశ్న. ఉద్యోగం వస్తుందా, నాలుగు రాళ్లు వెనకేసుకోగలదా అన్నది పెద్దల బెంగ. ఈ ప్రశ్నకు ఒకావిడ తన జీవితం మొత్తంతో జవాబు చెప్పింది. పేరు మేరీ.

1938లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో చేరేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. అదే ఏడాది, అదే కాలేజీలో, అదే కోర్సులో చేరిన మరో అమ్మాయి ఐరిస్ మర్డోక్. ఇద్దరూ జీవితాంతం స్నేహితులయ్యారు. మర్నాటి సంవత్సరం ఫిలిప్పా అనే అమ్మాయి వచ్చింది. సెయింట్ హ్యూస్ కాలేజీలో ఎలిజబెత్ అన్‌స్కోమ్ అప్పటికే చదువుతోంది.

ఆక్స్‌ఫర్డ్ అంటే ఒక్క కాలేజీ కాదు, ఎన్నో కాలేజీల కూటమి. ఉపన్యాసాలూ పరీక్షలూ యూనివర్సిటీవి. ఉండటం, తినడం, ట్యూటర్‌ని కలవడం మాత్రం ఎవరి కాలేజీ ద్వారా వాళ్లకు. అక్కడ డిగ్రీలో ఫిలాసఫీ ఒక్కటే చదవడం కుదరదు. ఇప్పటికీ అంతే. రాజనీతి, అర్థశాస్త్రం, గణితం... ఏదో ఒకదానితో జత కలపాలి. మేరీ, ఐరిస్ ఎంచుకున్న కోర్సులో ముందు గ్రీకు, లాటిన్ సాహిత్యం, ఆ తర్వాత ప్రాచీన చరిత్ర, తత్వశాస్త్రం. మొత్తం నాలుగేళ్లు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ రోజుల్లో అదే యూనివర్సిటీలో ఆచార్యుడు. కానీ వీళ్లు చదవాల్సింది మాత్రం ప్లేటో, అరిస్టాటిల్, ఆపైన యూరప్ తత్వవేత్తలను.

అసలు చదువంతా ట్యూటోరియల్‌లో ఉంటుంది. ఒక ట్యూటర్, ఎదురుగా ఒకరో ఇద్దరో విద్యార్థులు. వారమంతా చదివి రాసిన వ్యాసాన్ని అక్కడ పైకి చదవాలి. ‘ఈ మాటను ఏ అర్థంలో వాడావు? దీన్నుంచి అది ఎలా వచ్చింది?’ అని అడుగుతుంటే బట్టీ పట్టింది అక్కరకు రాదు. గంట సేపు ఒక పెద్దాయన తన మాటనే శ్రద్ధగా వింటాడు. ఆ వయసు అమ్మాయికి అదెంత పెద్ద విషయమో!

అలాగని ఆడపిల్లలకు అక్కడ ఎర్ర తివాచీ ఏమీ పరచలేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టిందే 1920లో. ఏడేళ్లకే వాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టింది.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. కుర్రాళ్లు ఒక్కొక్కరే సైన్యంలోకి వెళ్లిపోయారు. క్లాసులు పలచబడ్డాయి. మిగిలినవాళ్లలో అమ్మాయిలు చాలామంది. అంతవరకూ వాదనంటే ఎదుటివాణ్ని ఓడించడం. ఇప్పుడు అందరూ కలిసి ఒక చిక్కుముడి విప్పడం! కీబుల్ కాలేజీ ట్యూటర్ డొనాల్డ్ మెకినన్ దగ్గర మేరీ, ఐరిస్, ఫిలిప్పా ముగ్గురూ చదువుకున్నారు. మాట మధ్యలో ఆలోచిస్తూ చాలాసేపు మౌనంగా ఉండిపోయేవాడాయన. అయినా ప్రశ్నను తేలిగ్గా వదిలేవాడు కాదు. 1942లో మేరీ, ఐరిస్ ఇద్దరూ ఫస్టు క్లాసులో పాసయ్యారు.

మంచీ చెడూ అన్నవి మన ఇష్టాయిష్టాలే తప్ప అందులో నిజానిజాలంటూ లేవని చెప్పడం అప్పట్లో ఫ్యాషన్. యుద్ధం ముగిశాక నాజీ శిబిరాల దృశ్యాలు బయటికొచ్చాయి. ఇది తప్పు అనడం కేవలం నా అభిప్రాయమేనా? ఫిలిప్పా ఫుట్ ఆ ప్రశ్నను జీవితాంతం వదల్లేదు. అణుబాంబులు వేయించిన ట్రూమన్‌కు 1956లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ ఇవ్వబోతే, అన్‌స్కోమ్ లేచి కాదంది. ఆమె మాట నెగ్గలేదు. కానీ నలుగురిలో ఆ మాట అనడమే ఆ చదువు నేర్పింది.

ఐరిస్ పెద్ద నవలాకారిణి అయింది. మరి మేరీ? 1950లో పెళ్లి. భర్త జెఫ్రీ మిడ్జ్‌లీ కూడా ఫిలాసఫీ మాస్టారే. న్యూకాజిల్‌లో కాపురం, ముగ్గురు మగపిల్లలు. చదువంతా వృథా అయిపోయిందని చుట్టుపక్కలవాళ్లు అనుకునే ఉంటారు. అరవైలలో మళ్లీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. మొదటి పుస్తకం వచ్చింది 1978లో... యాభై తొమ్మిదేళ్ల వయసుకు కాస్త అటూఇటూగా! మనిషి కూడా జంతువే, ఆ సంగతి మరిచి మనిషి స్వభావాన్ని అర్థం చేసుకోలేమని వాదించిందందులో. ఆలస్యమైనందుకు ఆమె బాధపడలేదు. తన అభిప్రాయాలేమిటో అప్పటికి గానీ తనకు తెలియలేదని సంతోషించింది.

మీ తరంలో ఒకేసారి ఇంతమంది మహిళా తత్వవేత్తలు ఎలా వచ్చారని చాలాకాలం తర్వాత అడిగితే, ఆమె 2013లో ఒక పత్రికకు ఉత్తరం రాసింది. అమ్మాయిలకు ఆలోచించడం చేతకాక కాదు, మామూలు రోజుల్లో వాళ్ల మాట వినపడక ఆ ఆలోచనలు వృథా అవుతాయని ఆమె అభిప్రాయం. యుద్ధం ఆమెకు తెలివినివ్వలేదు. వినే చెవులనిచ్చింది. ఆ చెవుల కోసం ఒక యుద్ధం రావాల్సి వచ్చిందన్నదే బాధ.

2018 అక్టోబరులో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో మేరీ మిడ్జ్‌లీ కన్నుమూసింది. ఆమె చివరి పుస్తకం అంతకు కొద్ది వారాల ముందే వచ్చింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే, ‘ఫిలాసఫీ ఎందుకు?’

పెద్దలు అడిగే ప్రశ్నే. ఆవిడ మాత్రం ఎనభై ఏళ్లు దాంతో కాపురం చేసి మరీ జవాబు రాసింది.