ఓడలో పెద్దమ్మ స్కూటర్

గదిలోకి స్కూటర్ మాకంటే ముందే చేరింది. సియాటిల్ రేవులో 91వ నంబరు పియర్ దగ్గర సామాన్లు అప్పజెప్పి, పాస్‌పోర్టులు చూపించి, అలాస్కా ఓడెక్కి గది తలుపు తీసేసరికి మంచం పక్కన ఎర్రగా నిలబడి ఉంది. అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళే దాన్ని ఓడలోకి చేర్చి పెడతారు. యాత్ర అయిపోయాక గదిలోనే వదిలేసి దిగిపోవచ్చు.

పెద్దమ్మ చేతికర్రతో దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "నేనెక్కనురా. నేనేమన్నా మంచాన పడ్డదాన్నా?" అంది.

మంచాన పడలేదు. కానీ మోకాళ్ళు అరిగిపోయాయి. వంటింట్లోంచి హాల్లోకి వచ్చి కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడ కావాలి. తెనాలిలో తెలుగు టీచరుగా రిటైరైన మనిషి, సియాటిల్ పక్కన బోతెల్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి ఆర్నెల్లకు వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళు వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని అలాస్కా ఓడెక్కించడం మామూలే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అమ్మ అంత నడవలేదులే" అని ఆ మాట అక్కడితో ఆపేస్తారు. వాళ్ళు చెప్పేదీ నిజమే. ఈ ఓడల పొడవు మూడు వందల మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. గది ఒక కొసన, భోజనాల హాలు ఇంకో కొసన పడితే ఇడ్లీ తిని రావడానికి ఒక ఊరు దాటినట్టే. అసలు ఇడ్లీ ఉండదు, అది వేరే సంగతి.

స్కూటర్ అనగానే మన బజాజ్ చేతక్ గుర్తుకు రాకూడదు. ఇది బ్యాటరీతో నడిచే నాలుగు చక్రాల కుర్చీ. ముందొక నిటారు కడ్డీ, దాని మీద హ్యాండిల్. హ్యాండిల్ నడుమ గుండ్రటి మీట ఒకటి, దానికి ఒక పక్క తాబేలు బొమ్మ, రెండో పక్క కుందేలు బొమ్మ. వేగం ఎంత కావాలో దానితో పెట్టుకోవాలి. కుడిచేతి వేళ్ళ కింది రెక్క నొక్కితే ముందుకి, ఎడమది నొక్కితే వెనక్కి వెళ్తుంది. చెయ్యి తీసేస్తే దానంతటదే ఆగిపోతుంది, వేరే బ్రేకు తొక్కక్కర్లేదు. ఇదంతా చెబుతూంటే పెద్దమ్మ వినలేదు గానీ, తాబేలునీ కుందేలునీ చూసి నవ్వింది. ఆ కథ ఎన్ని తరగతులకు చెప్పి ఉంటుందో!

గది గురించి కాస్త వివరంగానే చెప్పాలి. ఈ యాత్ర సాగేదీ చెడేదీ అక్కడే. చాలా ఓడల్లో మామూలు గది తలుపు 22, 23 అంగుళాలే ఉంటుంది. చిన్న రకం స్కూటర్ కూడా అందులోంచి పట్టీ పట్టనట్టుగా దూరుతుంది, దూరినా లోపల తిప్పే చోటుండదు. పోనీ గది బయట వరండాలో పెడదామంటే ఒప్పుకోరు. ప్రమాదం జరిగితే పొగ కమ్మిన చీకట్లో వందలమంది పరుగెత్తాల్సిన దారి అది, అడ్డంగా చెప్పుల జత కూడా ఉంచనివ్వరు. కాబట్టి చక్రాల కుర్చీవాళ్ళ కోసం కట్టిన గదే తీసుకోవాలి. మా గది తలుపు 32 అంగుళాల పైనే ఉంది. లోపల అయిదడుగుల మేర ఖాళీ నేల, స్కూటర్ చుట్టూ తిరిగేంత. బాత్రూంకి గడప లేదు, నేల ఏటవాలుగా ఉండి నీళ్ళు ఒక మూలకు పోతాయి. స్నానం చేసేచోట గోడకు మడతపెట్టే బల్ల, చుట్టూ పట్టుకోవడానికి కడ్డీలు. పెద్దమ్మకు ఓడ మొత్తంలో నచ్చింది ఆ బల్లే. "తెనాలి ఇంట్లో ఇట్లాంటిది పెట్టించాలిరా" అని మేస్త్రీకి చెప్పడానికి కొలతలు కూడా రాయించింది.

బ్యాటరీకి రాత్రిపూట గదిలోనే చార్జింగ్ పెట్టుకోవాలి. ఇంటి నుంచి సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్ తెచ్చుకుంటే మాత్రం లాక్కుంటారు. ఓడలో కరెంటు వైరింగు పద్ధతి ఇంట్లోలాంటిది కాదు, అలాంటివి అక్కడ అంటుకునే ప్రమాదం ఉంది.

ఓడ కదలకముందే ప్రమాద శిక్షణ జరిగింది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాతికి గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు ఈ శిక్షణ ఇంకా జరగనే లేదు. అప్పటి నిబంధన 24 గంటల గడువిచ్చేది. 2015 నుంచి బయలుదేరక ముందో, బయలుదేరిన వెంటనేనో పూర్తిచేసి తీరాలి. నిజంగా ప్రమాదం వస్తే లిఫ్టులు వాడరు. "మరి నా సంగతేంటి?" అని పెద్దమ్మ నాచేత అడిగించింది. మెట్ల మీదుగా మనిషిని దించే ప్రత్యేక కుర్చీలున్నాయట, నడవలేనివాళ్ళ గదుల జాబితా సిబ్బంది దగ్గర ఉంటుందట, స్కూటర్‌ని మాత్రం ఎక్కడిదక్కడ వదిలేయాలి. చెప్పిన అమ్మాయి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. పెద్దమ్మ పేరు, గది నంబరు మా ఎదుటే రాసుకుంది.

భోజనానికి పిలుపు వచ్చింది. వరండాలో మా ముందు రెండు స్కూటర్లు పోతున్నాయి. ఒకదాని మీద పూల చొక్కా తాతగారు, వెనక జెండా కట్టుకుని. పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. తెలిసినవాళ్ళెవరూ లేరు. కొంగు చుట్టి నడుముకు దోపుకుంది, కుచ్చిళ్ళు రెండు పాదాల కిందా అదిమి పెట్టింది, ఎక్కి కూర్చుంది. వదిలేసిన కొంగు వెనక చక్రంలో పడితే ఏమవుతుందో మన ఊళ్ళలో మోటార్ సైకిళ్ళ మీద చూస్తూనే ఉన్నాం కదా. తాబేలు దగ్గర మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున టీకి నన్ను లేపకుండానే వెళ్ళిపోయింది. ఎక్కడికెళ్ళిందో తెలియక నేను మూడు అంతస్తులు వెతికితే, పైన అద్దాల పక్కన కూర్చుని ఇండోనేషియా కుర్రాడిచేత టీలో పాలు ఎక్కువ పోయించుకుంటోంది. ట్రే పట్టుకుని స్కూటర్ నడపడం కుదరదు. బఫేలో అడిగితే సిబ్బందే పళ్ళెం బల్ల దాకా తెచ్చిపెడతారు. ఇన్నాళ్ళూ ఆవిడ ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. "ఎక్కడికెళ్ళావు?" అని ఆవిడను అడగాల్సి రావడం ఇంట్లో అందరికీ కొత్త.

ఓడలో ఆవిడకు అసలు శత్రువు లిఫ్టు. నాటకశాల వదిలినప్పుడూ, భోజనం వేళా లిఫ్టు ముందు జనం గుంపు. తలుపు తెరుచుకోగానే మెట్లెక్కగలిగిన కుర్రకారే ముందు దూరిపోతారు. స్కూటర్‌కి నలుగురి చోటు కావాలి, పైగా వెనక్కి తీసేటప్పుడు బీప్ బీప్ అని అరుస్తుంది. నాలుగు లిఫ్టులు వదిలేశాక పెద్దమ్మ చేతికర్ర అడ్డంపెట్టి, తరగతి గది గొంతుతో "ఆగండి!" అంది. తెలుగు అర్థమైందో లేదో గానీ అందరూ ఆగారు.

ఇక ఈ ఏర్పాట్ల వెనక చట్టం సంగతి. ఓడ వెనక భాగాన పేరు కింద "నసావ్" అని రాసి ఉంది, అంటే ఇది బహామాస్ జెండా కింద నమోదైన ఓడ. ఇలాంటి విదేశీ ఓడలకు అమెరికా చట్టాలు ఎంతవరకు వర్తిస్తాయన్నది చాలాకాలం వివాదమే. హ్యూస్టన్ రేవు నుంచి ఎక్కిన కొందరు వికలాంగ ప్రయాణికులు కోర్టుకెక్కితే, 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం అమెరికా జలాల్లోకొచ్చే విదేశీ ఓడలకూ వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఓడ భద్రతకు అడ్డొచ్చే మార్పులు మాత్రం అడగకూడదంది. గడప లేని ఆ బాత్రూం ఉత్తి దయ మాత్రమే కాదన్నమాట.

ఓడ లోపల ఇన్ని సౌకర్యాలున్నా రేవులో దిగేచోట కథ మారుతుంది. అలాస్కాలోని జూనోలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఇరవై అడుగులకు పైగా లేచి పడుతుంది. పొద్దున దిగినప్పుడు చదునుగా ఉన్న వంతెన సాయంత్రానికి నిలువు వాలుగా మారొచ్చు. అలాంటప్పుడు సిబ్బంది ఇద్దరు వచ్చి, ఒకరు ముందు ఒకరు వెనక నిలిచి దించారు. అక్కడి నుంచి మెండెన్‌హాల్ హిమనదానికి లిఫ్టు ఉన్న బస్సు ముందే అడిగి పెట్టుకున్నాం. మామూలు టూరిస్టు బస్సుల్లో ఈ బండి ఎక్కదు. 1962లో తెరిచిన సందర్శకుల కేంద్రం దగ్గర్నుంచి ఫోటో పాయింట్ దాకా చదునైన దారి వేశారు. అక్కడ ఆవిడ కుందేలు వైపు తిప్పింది, నేను వెనక పరుగెత్తాను. ఎదురుగా నీలం మంచు, పక్కన నగ్గెట్ జలపాతం. పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత శాలువా అడిగింది.

స్కాగ్‌వేలో 1900లో పూర్తయిన వైట్ పాస్ మార్గం రైలుకు చక్రాల కుర్చీల లిఫ్టు ఉంది. కెచికాన్‌లో వాన తప్పదు, అక్కడ ఏటా 140 అంగుళాలు దాటి కురుస్తుంది. హ్యాండిల్ మీది మీటలకు ప్లాస్టిక్ కవరు తొడిగి, క్రీక్ స్ట్రీట్‌లో నీళ్ళ మీద గుంజలెత్తి వేసిన చెక్కబాట మీద టకటకలాడుతూ పోయాం. చివర కెనడాలోని విక్టోరియా. విదేశీ ఓడ మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలని 1886 నాటి చట్టం, అందుకే అక్కడ ఆగడం. పెద్దమ్మలా చూడ్డానికి వచ్చిన భారత పాస్‌పోర్టువాళ్ళకు దానికోసం కెనడా వీసా కావాలి.

అలాస్కాలో మేం ఆగిన రేవులన్నిట్లో ఓడ గట్టుకే ఆనింది. అన్నిచోట్లా అలా కాదు. కరీబియన్‌లో గ్రాండ్ కేమన్ లాంటి చోట ఓడ సముద్రంలోనే నిలబడితే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. అల లేచినప్పుడు పడవలోకి అడుగు వేయలేనివాళ్ళను, బరువైన స్కూటర్లను సాధారణంగా ఎక్కించుకోరు. ఆ పూటంతా ఓడలోనే గడపాలి.

అందుకని, అమ్మానాన్నల కోసం ఓడ వెతికేవాళ్ళకు ఒక మాట. ధర, తిండి, స్విమ్మింగ్ పూల్ తర్వాత చూసుకోవచ్చు. చక్రాల కుర్చీ గది ఖాళీ ఉందా, దాని తలుపు ఎన్ని అంగుళాలు, ఏయే రేవుల్లో చిన్న పడవ ఎక్కాలి, ఈ మూడూ ముందు అడగండి. స్కూటర్‌ని హ్యాండిల్ దగ్గరా సీటు చేతుల దగ్గరా కొలిచి, ఏది వెడల్పైతే ఆ కొలతే వాళ్ళకు చెప్పండి. ఆ గదులు ఓడకు కొన్నే ఉంటాయి, అన్నిటికంటే ముందు అయిపోతాయి. జవాబులు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.