నాళాలు కనిపించే గది

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు శుక్లాల కోసం వచ్చేవారు ఎందరో ఉన్నా, రెటీనా, యువియా (కంటి మధ్య పొర) విభాగాలను చూడటానికి వెళ్లిన సందర్శకునికి ఎదురయ్యే వ్యాధులు వేరు. అక్కడ చూపు మసకతో మొదలైన వైద్యుని ప్రశ్నలు దగ్గు, బరువు తగ్గడం, నోటిపూత, కీళ్లనొప్పుల దాకా సాగుతాయి. రోగనిరోధక వ్యవస్థ దాడితో రక్తనాళాల గోడలు వాచే స్థితిని వాస్కులైటిస్ అంటారు. శరీరాన్ని కోయకుండా ఆ నాళాలను నేరుగా చూడగలిగే అరుదైన చోటు కంటి వెనుక పొరయైన రెటీనా కనుక, ఒళ్లంతా పాకిన జబ్బును కూడా కొన్నిసార్లు మొదట పసిగట్టేది కంటి వైద్యుడే.

చుక్కల మందుతో పాప విప్పారిన రోగులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టే ఆంజియోగ్రఫీ గదిలో ఈ సంగతి స్పష్టమవుతుంది. చేతి సిరలోకి ఎక్కించిన ఫ్లోరసీన్ అనే నారింజరంగు ద్రవం కొద్ది సెకన్లలోనే రెటీనాకు చేరి, నీలికాంతి పడగానే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం ఆ రంగును తనలోనే నిలుపుకుంటుంది, వాచిన గోడ దానిని బయటికి కారుస్తుంది, నాళం మూసుకుపోయిన మేర మాత్రం తెర మీద నల్లగా మిగిలిపోతుంది.

మన దేశంలో ఇలాంటి చిత్రాన్ని తరచుగా చూపే వ్యాధి ఈల్స్. బర్మింగ్‌హామ్ వైద్యుడు హెన్రీ ఈల్స్ 1880లో యువకుల కళ్లలో పదేపదే జరిగే రక్తస్రావాన్ని వర్ణించి, దానితోపాటు మలబద్ధకాన్నీ ముక్కునుంచి రక్తం కారడాన్నీ గమనించారు గాని, సిరల వాపు అందులో భాగమని తరువాతివారు తేల్చారు. సిరలు మూసుకుపోయి ప్రాణవాయువు అందని రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది, పెళుసైన ఆ నాళాలు చిట్లి కంటిలోని జెల్లీవంటి విట్రియస్‌లోకి రక్తం చిమ్ముతుంది, చూపులో నల్లటి పోగులు తేలుతాయి. నొప్పి లేకపోవడంతో పనిచేసే వయసులోని యువకులు ఆలస్యంగా రావడం ఈ వ్యాధిలోని అతి విషాదకరమైన అంశం. కొందరి విట్రియస్‌లో క్షయ సూక్ష్మజీవి జన్యుపదార్థం దొరికినందున ఛాతీ పరీక్ష తప్పనిసరి.

కంటిలో మొదట కనిపించిన మరో నాళాల జబ్బూ ఉంది. జపాన్‌లో 1908లో ఒక సభలో నేత్రవైద్యుడు మికితో తకయాసు ఒక యువతి రెటీనాలో దండలా అల్లుకున్న నాళాలను వివరించినప్పుడు, అదే సభలో సహచరులు అలాంటి రోగులకు మణికట్టు నాడి అందడం లేదని చెప్పారు. ఆ జబ్బు మూలం గుండెనుంచి బయలుదేరే మహాధమనిలో ఉంది. పాశ్చాత్య దేశాల వృద్ధులలో ఎక్కువగా కనిపించే జెయింట్ సెల్ ఆర్టరైటిస్‌లోనైతే కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉన్నవారికి కణజాల పరీక్ష ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టాలి, లేకుంటే రెండో కన్నూ రోజుల్లోనే పోవచ్చు.

ఈల్స్ రోగికి వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తారు, ప్రాణవాయువు అందని మేరకు లేజర్, నిలిచిపోయిన రక్తానికి శస్త్రచికిత్స చేస్తారు. స్టెరాయిడ్ కంటి పీడనాన్ని పెంచగలదు, క్షయ ఉన్నవారికి ఇచ్చే ఇథాంబ్యుటాల్ దృష్టి నాడిని దెబ్బతీయగలదు కనుక, ఈ మందులు వాడే రోగులకు చికిత్స సాగినంతకాలం పీడనాన్ని కొలవడం, రంగుల గుర్తింపును పరీక్షించడం ఆ విభాగాలలో వైద్యంలో భాగమే.