వెస్ట్రీ గదిని మార్చేముందు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మిషన్ కాలంనాటి చర్చిలకు వెళితే, ప్రభువు బల్లకు పక్కగా ఒక చిన్న తలుపు కనిపిస్తుంది. దాని వెనకాల ఉండేది వెస్ట్రీ. ఆదివారం పొద్దున అయ్యగారు తెల్లంగీ తొడుక్కునేది అక్కడే, ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టేదీ అక్కడే. గోడకు కొక్కేలు, మూలన ఇనప బీరువా, అందులో సంస్కారపు పాత్రలు, బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు. పెళ్లిరోజు సంతకాలు పెట్టించేది అక్కడి టేబుల్ మీదే. హార్మోనియం, డోలక్ వారమంతా ఉండేది ఆ మూలనే. ఏప్రిల్ ఎండకు ఎవరైనా పెద్దామె కళ్లు తిరిగి పడితే తీసుకెళ్లి పడుకోబెట్టేది కూడా ఆ గదిలోనే.

ఇన్ని పనులకు పనికొచ్చే గది చర్చిలో ఇంకొకటి లేదు. అందుకే మరమ్మతుల మాట ఎత్తగానే అందరి చూపూ దానిమీదే పడుతుంది. ఆఫీసు చెయ్యాలని కొందరు, ఏసీ పెట్టాలని కొందరు, చంటిపిల్లల తల్లులకు ఇవ్వాలని కొందరు, అటాచ్డ్ బాత్రూం కట్టాలని కొందరు. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కోరిక కాదు. నాకు బాధ కలిగించేది సంఘాన్ని అడిగే తీరు. చాలాచోట్ల ముందు ప్లాను గీయిస్తారు, మేస్త్రితో రేటు మాట్లాడతారు, ఆ తర్వాతే ఒక ఆదివారం ప్రకటనల్లో చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. అప్పుడెవరు మాట్లాడతారు? కాదంటే చందా ఇవ్వడం ఇష్టంలేక అంటున్నారని అనుకుంటారేమోనని తలవంచుకుని కూర్చుంటారు. ఆ మౌనాన్ని సమ్మతి అని మినిట్స్ బుక్కులో రాసుకోవడం నాకు సబబుగా తోచదు.

బైబిల్లో ఇలాంటి గది కథ ఒకటి ఉంది. నెహెమ్యా 13వ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము మందిరంలో నైవేద్యాలు, సాంబ్రాణి, పాత్రలు, లేవీయులకు రావలసిన ధాన్యం, నూనె దాచే పెద్ద గది ఒకటి ఉండేది. నెహెమ్యా ఊళ్లో లేని సమయంలో యాజకుడు ఎల్యాషీబు ఆ గదిని తన బంధువు టోబీయాకు సిద్ధంచేసి ఇచ్చేశాడు. నెహెమ్యా తిరిగొచ్చి టోబీయా సామానంతా బయట పారవేయించి, గది శుద్ధి చేయించి, పాత్రలను మళ్లీ అక్కడే పెట్టించాడు. ఆ వెంటనే ఇంకో సంగతి తెలుస్తుంది: లేవీయులకు భాగాలు అందక వాళ్లు పొలాలకు వెళ్లిపోయారట. ఒక గది చేతులు మారితే దాని మీద ఆధారపడినవాళ్ల బతుకు ఎలా కదిలిపోతుందో ఆ కొద్ది వచనాల్లో ఉంది.

అడగడం మనకు కొత్త కూడా కాదు. ఈ ప్రాంతపు పాత సంఘాల్లో చాలావాటికి మూలం 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాటు మిషన్. జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చి ఇక్కడ పనిచేసింది ఆ మిషన్ తరఫునే. అది రిఫార్మ్డ్ సంప్రదాయం. సంఘం తన పెద్దలను తానే ఎన్నుకుంటుంది, ఆ పెద్దలు పాదిరితో కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కూడా పాస్టరేట్ కమిటీల రూపంలో ఆ అలవాటు నిలిచింది. అంతకు ఎంతో ముందే, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అన్నం సరిగా అందడంలేదని సణుగుడు వచ్చినప్పుడు, పన్నెండుమంది అపొస్తలులు శిష్యులందరినీ పిలిచి ఆ సంగతి వాళ్ల ముందే పెట్టారు.

ఎలా అడగాలి? గదిలోనే అడగాలి. మీటింగు హాల్లో కాగితం మీద గీతలు చూపిస్తే మనలో చాలామందికి అది బోధపడదు. గది తలుపు తీసి, కడప బండల మీద సుద్దముక్కతో గోడ ఎక్కడొస్తుందో, బీరువా ఎక్కడికి జరుగుతుందో గీసి, ఒక్కొక్కరినీ నడిచి చూడమనండి. అప్పుడు వినబడతాయి అసలు మాటలు. ‘ఆ మెట్టు తగ్గించండి నాయనా, మోకాళ్లు ఎత్తలేకుండా ఉండాము’ అంటుంది ఒక పెద్దమ్మ. ‘ఈ కిటికీ మూసేస్తే సంస్కారపు గిన్నెలు కడిగిన నీళ్లు యాడ పోసేది?’ అని బల్ల సర్దే ఆమె అడుగుతుంది. ఇంజినీరుకు ఈ ప్రశ్న తట్టదు, కమిటీలో ఉన్న మగవాళ్లకూ తట్టదు. గంట కొట్టే అతన్నీ, ఊడ్చే ఆమెనూ, సండే స్కూల్ టీచర్లనూ, స్త్రీల మైత్రి వాళ్లనూ విడివిడిగా అడగాలి. పదిమందిలో నోరు విప్పనివాళ్లు ఇద్దరి ముందు చెబుతారు.

కుప్పంలో ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే ఉంటాయి. ప్రసంగం తెలుగులో విన్నా, మనసులో మాట తమిళంలో చెప్పే పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లను వాళ్ల భాషలోనే అడగాలి. బెంగళూరుకు పనికి వెళ్లేవాళ్లు పగలంతా ఊళ్లో దొరకరు, కాబట్టి మామూలు రోజు సాయంత్రం ఐదు గంటలకు పెట్టిన మీటింగులో వాళ్ల మాట లేనట్టే. దూరాన స్థిరపడినవాళ్లు ఇంటికొచ్చేది క్రిస్మస్‌కే. చందా అడగడానికి ఆ రోజులు గుర్తొచ్చినప్పుడు, సలహా అడగడానికీ గుర్తురావాలి.

గోడల సంగతీ చెప్పాలి. పాత చర్చిల గోడలు ఎక్కువగా సున్నపు గచ్చువి. సున్నం చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, నిగనిగలాడే పెయింటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, కొన్ని వానాకాలాలు తిరిగేసరికి ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. ఆ గోడకు ఆనుకుని ఉండేది బీరువా, బీరువాలో ఉండేవి రిజిస్టర్లు. తాత పెళ్లి తేదీ కోసమో, అవ్వ బాప్తిస్మం పేరు కోసమో ఎవరైనా వస్తే చూపించేది ఆ పుస్తకాలనే. అవి చెమ్మ పడితే తిరిగి రాసేవాళ్లు లేరు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు నూరడం తెలిసిన ముసలి మేస్త్రి మీ సంఘంలోనే ఉండొచ్చు. టైల్స్ షాపుకు వెళ్లేముందు అతన్ని ఒకసారి పిలిపించండి.

ఇంగ్లండులో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గుడిలో ఇలాంటి పెద్ద మార్పు చేయాలంటే డయోసిస్ న్యాయాధికారి అనుమతి కావాలి. దానికి ముందు 28 రోజులపాటు అందరికీ కనబడేలా నోటీసు పెట్టాలి, ఆ పేటలో ఉండే ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. మనకు అంత తంతు అక్కర్లేకపోవచ్చు. నాలుగు ఆదివారాల గడువు మాత్రం మనమూ ఇవ్వగలం. వందేళ్లు నిలిచిన గదికి నాలుగు వారాలు ఎక్కువేమీ కాదు.

కాబట్టి మీ సంఘంలో ఈ ఆలోచన మొదలైతే, ఇంజినీరుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెస్ట్రీ తలుపులు తీసిపెట్టండి. అందరినీ లోపలికి రానివ్వండి. చెప్పిన ప్రతి మాటా పేరుతో సహా రాసుకోండి. కుదరని కోరిక ఉంటే ఎందుకు కుదరదో ఆ మనిషికే ముఖాముఖి చెప్పండి. ప్లాను ఆ తర్వాత గీయించండి.